నల్లరేగడిలో తెల్లమొహం పట్టుకోవడం ఎట్లా

తమ్ముడూ, హొళగుందకి కొత్త విలేకరిగా కుదిరావని విన్నాను. సంతోషం. జీతం ఉండదు, వార్తకింత అని ఇస్తారు. మైకు మీదికి లోగో మాత్రం తప్పకుండా ఇస్తారు. అది ఉంటే చాలు, మిగతాది నేను చెప్తా. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఇరవై ఏళ్ళు కెమెరా మోసినవాణ్ణి.

ముందు నీ మండలం ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో తెలుసుకో. హొళగుంద మండలం ఏడాదికి ఒక్క రాత్రే ఉంటుంది. దసరా రాత్రి, దేవరగట్టు. మాళమల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టుకుని దిగుతాయి. దివిటీలు, రక్తం, పోలీసులు, అన్నీ ఒకేచోట. డ్రోన్ అద్దెకి మాట్లాడుకో. ఎంత పైకి పోతే అంత మంచిది, మనుషులు చీమల్లాగ కనబడాల. తెల్లారి ఆసుపత్రి ముందర నిలబడి పగిలిన తలలు లెక్కపెట్టు. అంతటితో ఏడాది పని అయిపోయినట్టే. తల పగిలినోడు మంచం మీదుంటే ఆ ఇల్లు ఎవరి కూలితో నడుస్తుందని మాత్రం అడగొద్దు. డ్రోన్‌కి అంత కిందివి వినపడవు.

సుగ్గి గురించి కొంచెం ఎక్కువే చెప్పాల, కొత్తవాళ్ళు తప్పులు చేసేది అక్కడే. ఇక్కడ పొలం పనులు ఉడిగిపోగానే జనం సుగ్గికి పోతారు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి, తెలంగాణ దిక్కు పత్తి తీసేదానికి. ఇంటికి తాళం, అరుగు మీద ముసలివాళ్ళు, బడిలో ఉండాల్సిన పిల్లలు బండిలో. బండి నిండా మూటలు, మూటల మధ్య ఆడవాళ్ళు. నువ్వు వెనక నిలబడి, దుమ్ము లేచేటట్టు, పోతావున్న బండిని తీయి. కింద ఏడుపు సంగీతం పెట్టు. ఎవరి పేరూ అడగొద్దు. పేరు అడిగితే ఆమె మనిషి అయిపోతుంది, మనిషి అయితే మాట్లాడుతుంది. మాట్లాడాల్సింది కూలీల్ని తోలుకుపోయే మేస్త్రీ. ఆడకూలీల కష్టం ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? వాళ్ళ కూలి డబ్బు ఆయన చేతి మీదుగానే కదా వచ్చేది.

ఒకసారి మేస్త్రీ నోటికాడ మైకు పెట్టినాను. మూట మీద కూర్చున్న ఒకామె, "ఏం ప్పా, మిరపకాయ కోసేది ఆయప్పనా? ఆ మైకు ఇట్ల తే, నేను చెప్తా," అనింది. బ్యాటరీ అయిపోయిందమ్మా అన్నాను. నువ్వూ అదే అను. ఇరవై ఏళ్ళుగా చార్జింగు తగ్గని మాట అది.

వార్త మీద పెట్టే బొమ్మకి మాత్రం బండంతా వెతుకు. నలభై మందిలో ఒక్క పిల్ల అయినా కొంచెం ఎర్రగా ఉంటుంది. ఆ పిల్లనే పెట్టు. ఇది నల్లరేగడి సీమ. ఆదోని పత్తి మార్కెట్టు బతికేది ఈ మట్టి మీదే. నేల ఎంత నల్లగుంటే ఎకరా అంత ధర పలుకుతుంది, పిల్ల ఎంత నల్లగుంటే కట్నం అంత పలుకుతుంది. రెండు లెక్కలూ ఒకే రచ్చబండ మీద ఒకే పెద్దమనుషులు వేస్తారు. మొదటిదాన్ని మార్కెట్ వార్తల్లో వేయి. రెండోదాన్ని పెళ్ళి ప్రకటనల్లో చామనచాయ అని వేయి. ఎవరైనా గొణిగితే, నలుపు నారాయణుడు మెచ్చు అను. పిల్లని చూసేదానికి వచ్చేది నారాయణుడు కాదు గనక ఆ మాటతో ఎవరికీ నష్టం లేదు.

రంగు వివక్ష సంగతేమని ఎవరన్నా అడిగితే, అది తీరిపోయిందని చెప్పు. ఏడాదితో సహా చెప్పు. 1975 నుంచి మనకు అమ్మిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము, 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. ఆ ఏడు మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద మోకాలు పెట్టి పోలీసు చంపినాడు. దేశదేశాల జనం వీధుల్లోకి వచ్చినారు. జులైకల్లా కంపెనీ కొత్త పేరు చెప్పింది. ట్యూబు అదే, గులాబీ రంగు అదే, అద్దం ముందర నిలబడే పిల్లా అదే. అట్లాంటప్పుడు ఇంక వివక్ష యాడుంది?

సినిమా వాళ్ళు నీ మాదిరి బండ్లెంబడి తిరగరు, వాళ్ళకి నలుపు డబ్బాలో దొరుకుతుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసినాడు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. ఆ కాలానికి నిజంగానే ధైర్యమైన సినిమా, ఈ ఒక్క మాట నేను వెటకారానికి అనడంలేదు. మాలపిల్లగా వేసింది ఎవరు? కాంచనమాల, ఆనాటి అందాల తార. 2018లో 'రంగస్థలం', 2021లో 'పుష్ప'. పల్లె, అడవి, కూలి అనేసరికి తారలకి మేకప్‌తో రంగు ముదురు చేసినారు. ఎనభై ఏళ్ళల్లో మేకప్ బాగా ఎదిగింది. సూత్రం మాత్రం చెక్కు చెదరలేదు: నలుపును తెచ్చుకోవచ్చు, నల్లమనిషిని తెచ్చుకోకూడదు.

ఆ రంగు పిల్ల ఎక్కడో దూరాన గెలిస్తే మటుకు ఆలస్యం చేయొద్దు. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. ఆ కిరీటం పెట్టుకున్న మొదటి భారత సంతతి అమ్మాయి, విజయవాడ మూలాలున్న తెలుగు ఇంటి పిల్ల. ఆ రాత్రే అమెరికాలో కొందరు ఆమెను అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు. దాన్ని పెద్ద అక్షరాల్లో వేసుకో, జాత్యహంకారమని మండిపడు. ఆ రంగుతో మన దేశంలో అయితే గెలిచేది కాదని మనవాళ్ళే అనుకున్నారు చూడు, అది వదిలేయి. రెండూ పక్కపక్కన వేస్తే చదివేవాళ్ళు తికమకపడతారు.

ఇంక అసలైన విద్య చెప్తా. ఇది అమెరికా కోర్టు కనిపెట్టింది. జనరల్ మోటార్స్ కంపెనీ ఉద్యోగాలు తీసేసేటప్పుడు తమకు అన్యాయం చేసిందని కొందరు నల్లజాతి స్త్రీలు కేసు వేసినారు. 1976లో తీర్పు వచ్చింది. కంపెనీ ఆడవాళ్ళని పెట్టుకుంది కదా అన్నారు. పెట్టుకుంది, ఆఫీసులో, తెల్లవాళ్ళని. నల్లవాళ్ళకీ పనులున్నాయి కదా అన్నారు. ఉన్నాయి, ఫ్యాక్టరీలో, మగవాళ్ళకి. ఆడదాన్ని అని ఒక కేసు వేసుకో, నల్లదాన్ని అని ఇంకో కేసు వేసుకో, రెండూ కలిపి మాత్రం అడగొద్దు అని తేల్చినారు. 1989లో కింబర్లే క్రెన్‌షా అనే లా ప్రొఫెసరు ఈ తీర్పునే పట్టుకుంది. నాలుగు దార్ల కూడలిలో నిలబడినామెకు దెబ్బ తగిలితే, ఏ దారి బండి గుద్దిందో తేల్చితేనే మందు వేస్తామంటే ఎట్లా అని అడిగింది. నువ్వు ఆమె మాట వినొద్దు, కోర్టు మాట విను. మన పనికి అతికినట్టు సరిపోతుంది.

ఎట్లంటే, ఏప్రిల్ 14న మైకు దళిత నాయకుడికి ఇయ్యి. మార్చి 8న ఆదోనిలో పట్టుచీర కట్టుకుని కేకు కోసే మేడమ్‌కి ఇయ్యి. రెండు దినాలూ నిండినాయి. మాదిగగేరిలోనో తాండాలోనో ఉండే ఆడమనిషికి తేదీ మిగల్లేదు. తప్పు నీది కాదు, క్యాలెండరుది. ఆమె పుస్తకం రాస్తే? 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి మాదిగ ఆడవాళ్ళ కథలు 'నల్లరేగటిసాల్లు' అని పుస్తకం చేసినారు. అట్లాంటిది నీ బల్ల మీదికి వస్తే పేరు చూసి వ్యవసాయం పేజీకి పంపించెయ్. అక్కడ ఎరువుల ప్రకటన పక్కన చల్లగా పడుంటుంది.

దేవుడికి అంకితం చేసిన బసివిని వార్త దొరికిందా, మొహానికి మసక పెట్టు, చాలా పద్ధతి. ఊరి పేరు, గుడి, ఇంటి గడప మటుకు తెరిచి చూపించు. 1988లోనే దీని మీద చట్టం వచ్చింది. అంకితం చేసినోళ్ళ మీద కేసు ఏమైందని స్టేషన్‌కి పోయి అడిగితే నీకు రేపట్నుంచి వార్తలు రావు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మైకు చేయి మారడం. జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఏం జరిగిందో విను. 2008 అక్టోబరు 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది. నడిపేది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ స్టూడియోలో కూర్చుని విత్తనాల గురించి, తిండి గురించి, పాటల గురించి వాళ్ళ మాటల్లోనే మాట్లాడినారు. మేస్త్రీని అడగలేదు. అంతకు ముందే, ఆ రేడియో వెనకున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు వీడియో కెమెరా కూడా నేర్చుకున్నారు. మనం ఇంగ్లీషులో చెప్పుకునే యాంగిళ్ళకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూపించేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ మనుషుల్ని చూసేది అట్లాగే. కిందినుంచి పైకి చూపించేది చేతులు కట్టుకుని నిలబడిన జీతగాడి చూపు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్.

నువ్వు పటేల్ షాట్ ఒక్కటి నేర్చుకుంటే చాలు. జీపు మీద నుంచి తీయి, మిద్దె మీద నుంచి తీయి, దసరాకి డ్రోన్ ఎట్లాగూ ఉంది, అంతకంటే పెద్ద పటేల్ ఈ సీమలో లేడు. సంఘం షాట్ కావాలంటే మూటల మధ్య, ఆమె పక్కన కూర్చోవాల. ప్యాంటు మాసిపోతుంది.

ఒక్క ఇబ్బందికి మాత్రం నాకూ మందు తెలీదు. ఇప్పుడు సుగ్గి బండిలో కూడా ఫోన్లున్నాయి. మొన్న నేను మేస్త్రీని తీస్తావుంటే, ఒక పడుచుపిల్ల మూట మీద నుంచి ఫోన్ ఎత్తి నన్ను తీసింది. చూపించమంటే చూపించింది. ఎండలో, లోగో ఉన్న మైకు పట్టుకుని, ఎవరో నల్లటి మనిషి. నేనే అని గుర్తుపట్టేదానికి కొంచెం సేపు పట్టింది. ఇరవై ఏళ్ళల్లో నా మొహం ఒక్కసారి కూడా టీవీలో పడలేదు. వార్త నాది, దుమ్ము నాది, చదివే గొంతు హైదరాబాద్ అమ్మాయిది, కనబడే మొహమూ ఆమెదే.

నిన్ను నిన్న ఆదోని బస్టాండులో దూరం నుంచి చూసినాను. లోగో బాగా కనబడేటట్టు పట్టుకో, నువ్వు మాత్రం ఫ్రేములోకి రావద్దు. నువ్వూ రేగడి రంగే, తమ్ముడూ.