గేటు పక్క పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: రాజేంద్రనగర్‌లో ఒక కాలనీ గేటు దగ్గర, రేకు బోర్డు మీద పచ్చరంగుతో రాసిన ఆటవెలది ఇది. కవి పేరు లేదు. కమిటీలో రిటైరైన తెలుగు సారు ఒకరున్నారని వినికిడి. బోర్డుకు తుప్పు పట్టింది గాని యతి ఎక్కడా తప్పలేదు.

గేటు పక్క పూలు గిల్లరాదెవ్వరూ
పాలు కంటబడిన బాధ గలుగు
కొట్టినట్టి కొమ్మ కూర్చి కాల్చకుమయ్య
కమిటి వారి మాట కాలనీకి

ప్రతిపదార్థం: గేటు పక్క = ప్రవేశద్వారమునకు ఇరువైపులా; పూలు = ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు మొదలగువాని పుష్పములు; ఎవ్వరూ = తెల్లవారకముందే ప్లాస్టిక్ కవరుతో వాకింగుకు వచ్చు పెద్దలు సైతము; గిల్లరాదు = తెంపరాదు; పాలు = కొమ్మ విరిచినచో కారు తెల్లని రసము; కంటబడిన = చేయి కడుగక కన్ను నులుముకొనిన; బాధ గలుగు = (టీక చూడుడు); కూర్చి = కుప్పపోసి; కాల్చకుమయ్య = ఇది వాచ్‌మన్‌కు సంబోధన; కమిటి వారి మాట = శాసనము; కాలనీకి = మెయింటెనెన్సు బాకీ ఉన్న ఫ్లాట్లకు కూడ.

తాత్పర్యం: ఓ కాలనీవాసులారా! మన తోటలో విషమున్నది. ఉండనిండు. మీ నోటిని, కంటిని మాత్రము దాని జోలికి పోనీయకుడు.

టీక: ఇక్కడ ఫస్ట్ ఫ్లోరు వారి పూర్వపక్షం ఒకటుంది. "విషమని తెలిశాక పీకి పారేయక బోర్డెందుకు?" అని. దీనికి సమాధానం. వినాయకచవితి 21 పత్రుల్లో కరవీరం అంటే గన్నేరు, దత్తూరం అంటే ఉమ్మెత్త, అర్కం అంటే జిల్లేడు. మూడూ విషాలే. ఏటా బజారులో కొని మరీ ఇంటికి తెస్తున్నాం. దేవుడి ముందు పెడతాం, నైవేద్యంలో కలపం. కట్టడి అంతా అంతే. పైగా గన్నేరును మేక ముట్టదు, ఎండ చంపదు, బండ్ల పొగ ఏమీ చేయదు. హైవే డివైడర్ల మీద దాన్ని నాటేది అందుకే. దాని ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నిటిలో గుండె లయను చెడగొట్టే పదార్థాలున్నాయి. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. పిల్లలు ఆడుకోవడానికి ఏరుకునేది దాన్నే.

"బాధ గలుగు" అన్నచోట కవితో విభేదించక తప్పదు. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలాసార్లు నొప్పి అంతగా ఉండదు, చూపు మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకునేవారే నష్టపోతారు. ధారగా పారే నీటితో పావుగంటకు తగ్గకుండా కడిగి, కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. రథసప్తమి నాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసేవారు, తొడిమ దగ్గర కారే పాలు ముందే కడిగేసుకోవడం మంచిది.

"కాల్చకుమయ్య" అనడంలో ఔచిత్యం ఉంది. గన్నేరు కొమ్మ ఎండినా విషం పోదు, దాని పొగ గొంతుకూ ఊపిరికీ పడదు.

కవి విడిచిపెట్టినవీ ఉన్నాయి. డ్రాయింగ్ రూముల్లో కుండీల్లో పెంచే డైఫెన్‌బాకియా ఆకు కొరికితే నాలుక వాస్తుంది. చేమగడ్డ దురదకు కారణమైన సూదిమొన స్ఫటికాలే ఇందులోనూ ఉంటాయి, చేమ కుటుంబమే మరి. చేమగడ్డను ఉడికించి చింతపండు పులుసు పోస్తాం గనక బతికిపోయాం.

అసలు లోపం వేరే ఉంది. ఆముదం ఊసే లేదు! ఇదే రాజేంద్రనగర్‌లో 1977 నుంచి నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది, ఆముదం దాని ముఖ్య పంటల్లో ఒకటి. అంత దగ్గర ఉండి కవి చూడలేదు. ఆముదం గింజలోని రైసిన్ నూనెలోకి రాదు, గానుగ ఆడాక మిగిలిన పిండిలో ఉండిపోతుంది. వేడిచేసి విరచకపోతే ఆ విషం అలాగే ఉంటుంది. మిద్దెతోటల వాళ్లు ఎరువుగా సంచుల్లో కొనేది ఆ పిండినే. దాని వాసన కుక్కలకు మహా ఇష్టం. గులాబీ కుండీ తవ్వి తిని, మర్నాటికి వాంతులూ విరేచనాలతో పడిపోయిన పెంపుడు కుక్కకు పాముకాటనుకుని మందులు వెతికేవారున్నారు. కుక్క ఉన్న ఇంట్లో ఆ పిండి వాడకపోవడమే మేలు. తప్పదంటే సంచీ అటక మీద, పిండి మట్టిలో లోతుగా.

గురివింద సంగతి క్లుప్తంగా: పైతొక్క గట్టిది, మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. కొరికినా, దండకోసం సూదితో పొడిచినా విషం బయటపడుతుంది. సామెత దాని నలుపు మీదే ఆగిపోయింది.

ప్రయోగ విధి: ఎవరైనా ఏదైనా నమిలితే నోరు నీళ్లతో పుక్కిలించాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. 108కు ఫోన్ చేయాలి. ఆ సేవ 2005 ఆగస్టు 15న ఈ హైదరాబాదులోనే మొదలైంది. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీ పగలూ పలుకుతుంది. ఆస్పత్రికి పోయేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసుకుని పోవాలి. ఆ ఒక్క పనికి మాత్రం గేటు పక్కది గిల్లవచ్చు, కమిటీ ఏమీ అనదు.