ప్రథమఫలక వ్యాఖ్యానము

అవతారిక

మసాచూసెట్స్ రాష్ట్రమునందు మా కుమారుని యింట వేసవి గడపుచున్న దినములలో, ఆ యింటికి చేరువనున్న యొక రాళ్లయడవిలో, తొమ్మిదే తొమ్మిది సూత్రములు గల యొక లఘుగ్రంథమును పరిశీలించు భాగ్యము నాకు కలిగినది. గ్రంథమనగా తాళపత్రము కాదు. చెట్లనడుమ పాతిన గుంజలకు బిగించిన పలకలు తొమ్మిది, పలకకొక సూత్రము. డిస్క్ గాల్ఫ్ అను క్రీడకు ఇదియే శాస్త్రమని మా మనుమడు నాకు గురుత్వము వహించి బోధించెను. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌నందు ఈ ఆటకు తొలి శాశ్వతస్థలమును నెలకొల్పిన ఎడ్ హెడ్రిక్ దీనికి సూత్రకారుడు. 2002లో ఆయన మరణించినపిదప, ఆయన కోరిక మేరకు, చితాభస్మమును డిస్కులలో కలిపి పోత పోసిరట. గంగలో గాక గాలిలో నిమజ్జనము పొందిన సూత్రకారుడు మరియొకడు నా యెరుకలో లేడు.

కఠినస్థలము రాగానే "స్పష్టము" అని వ్రాసి దాటిపోవు వ్యాఖ్యాతలు కలరు. నేనట్టివాడను గాను.

మూలము

హోల్ 1. పార్ 3. 210 అడుగులు.

టీక

హోల్: గుంట. ఇచ్చటనే శిష్యునకు సంశయము పొడమును. అడవియంతయు గాలించినను గుంట యొక్కటియు కానరాదు. కానవచ్చునది ఛాతీయెత్తు ఇనుపగుంజ, దాని తలనుండి వ్రేలాడు గొలుసులు, గొలుసుల క్రింద నొక బుట్ట. గంగలో గొల్లపల్లె యున్నదనిన ఒడ్డున నున్నదని లక్షణచేత గ్రహించునట్లు, గుంట యనిన బుట్ట యని గ్రహింపవలెను. ఎగిరివచ్చిన డిస్కు గొలుసులకు తాకి, వేగముడిగి, బుట్టలో పడుట ఇందలి చమత్కృతి. దీనికి హెడ్రిక్ 1977లో పేటెంటు పొందెను.

210 అడుగులు: దారము పట్టి కొలిచిన దూరమని యర్థము. మనుష్యులు నడచు దూరమని కాదు. ఏలయన, వేలయేండ్ల క్రిందట ఈ దేశమును కప్పియున్న మంచు కరగిపోవుచు విడిచిన గండశిలలును, ఆ శిలలనే పొలములనుండి యేరి రైతులు పేర్చిన గోడలును, రైతులు పొలములను విడిచిపోయిన తరువాత ఆ గోడలనడుమ మొలచిన ఓకులును దేవదారులును, పలకకును బుట్టకును నడుమ నిండియున్నవి. ఈ అడుగులలో ఏ యొక్కటియు సమతలమున లేదు.

డిస్కును సుదర్శనముతో పోల్చుట కవులకు సులభము. కాని సుదర్శనము తిరిగి చేతికి వచ్చును, దీనికొరకు మనమే ముండ్లపొదలలోనికి పోవలెను. కుడిచేతివాడు చేతిని ఎడమప్రక్కకు చాచి విసరిన డిస్కు గడియారపుముల్లు తిరుగు దిశనే తిరుగుచు పోయి, వేగము తగ్గినకొలది ఎడమకు వాలును. సరిగా ఆ యెడమననే పెద్ద ఓకొకటి పుట్టియుండుట యాదృచ్ఛికమని నేను నమ్మజాలను.

పూర్వపక్షము

"చెట్టనగా నూటికి తొంబదిపాళ్లు గాలియే గదా" యని ఆటగాండ్రలో నొక లోకోక్తి గలదు. ఇది ప్రత్యక్షవిరుద్ధము. నా మొదటి విసరునకు శేషించిన పదిపాళ్లే దొరకినవి.

"తాతయ్యా, నువ్వు చెట్టునే చూస్తున్నావు. సందుని చూడు" అని గురూపదేశమైనది. నేను సందునే చూచితిని. డిస్కు మాత్రము చెట్టునే చూచినది. మూడవది గండశిలను తాకెను. రాతిని తాకిన డిస్కు గతి జ్యోతిషమునకైన నందదు. అది అంచుమీద లేచి, బండిచక్రమువలె దొరలి, పల్లమున నొక బురదమడుగు చేరువరకు నిలువలేదు. నాలుగవది గట్టెక్కుటకే చెల్లినది.

పార్ 3: నేర్పరికి పట్టవలసిన విసరులు మూడని యర్థము. ఇచ్చట పాఠభేదము గలదు. "మూడు" అని పలకపాఠము. "ఏడు" అని మా మనుమని చీటీపాఠము. ఆరవది గొలుసులను ఘల్లుమనిపించి, బుట్ట అంచుమీదుగా జారి నేలబడినది. మ్రోత వినబడినందున కార్యము సిద్ధించినట్లే యెంచవలెనని నేను శబ్దప్రమాణముతో వాదించితిని. డిస్కు బుట్టలోనో గొలుసులలోనో నిలిచినగాని లెక్కకు రాదని గురువు తీర్పుచెప్పి, ఏడవదానికై నా చేతికి మరల నందించెను. అది రెండడుగుల దూరమునుండి వేయవలసినది గనుక తప్పలేదు. చీటీపాఠమే సాధువు, పలక వ్రాసినవానికి ఆ స్థలముతో పరిచయము తక్కువ యని తోచుచున్నది.

ద్వితీయఫలకము

హోల్ 2. పార్ 3. 190 అడుగులు.

అడుగున నొక బాణపుగుర్తు రాతిగోడను దాటి, రెండుమారులు వంకరతిరిగి, లోయలోనికి దిగుచున్నది. బుట్ట కనబడదు.

దీని యర్థము స్పష్టము.