బానెట్ మీద నువ్వుగింజ

కొత్త కారు కొన్నవాడికి చూపు పెరుగుతుంది. కళ్లజోడు లేకపోతే శుభలేఖలో పెళ్లికొడుకు పేరు కూడా చదవలేని మనిషి, బానెట్ అంచున నువ్వుగింజంత పెయింటు లేస్తే వీధి మలుపులోంచే కనిపెట్టేస్తాడు. మా ఎర్ర కారుకి కొత్త వాసన ఇంకా పోనేలేదు, ముందు అంచున బూడిద రంగు చుక్క తేలింది.

మా ఆవిడ చూసి "దిష్టి" అని తేల్చేసింది. మా బామ్మర్ది మాత్రం "ఇప్పటి కంపెనీ పెయింట్లన్నీ ఇంతే బావా, ఉల్లిపొర" అన్నాడు. వాడిది సెకండ్‌హ్యాండ్ కారు. కొత్త కార్ల లోపాల గురించి పాత కార్లవాళ్లకి తెలిసినంతగా తయారుచేసినవాళ్లకి కూడా తెలియదు.

షోరూమ్‌కి తీసుకెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు వంగి, సెల్ టార్చి వేసి, "స్టోన్ చిప్ సార్, వారంటీలో రాదు" అన్నాడు. వారంటీ సిద్ధాంతం ఏమిటంటే, పెయింటు తనంతట తాను ఊడితే బాధ్యత కంపెనీది, బయటినుంచి ఏదైనా తగిలి ఊడితే ఖర్మ మనది. ఏ చుక్క ఏ కోవలోకి వస్తుందో తేల్చేది మాత్రం వాళ్లే. రాయి తగిలిన చప్పుడే వినలేదయ్యా అన్నాను.

"పూజ ఎక్కడ చేయించారు సార్?"

"దుర్గమ్మ గుడి దగ్గర."

"కొబ్బరికాయ ఎంత దూరంలో కొట్టారు?"

కారుకి రక్షణగా కొట్టిన కాయే కారుని కొట్టిందని అభియోగం! అమ్మవారిని సాక్ష్యానికి పిలిపించలేం కదా, నోరు మూసుకున్నాను. ఆ మౌనం చూసి పక్క టేబుల్ అబ్బాయి సిరామిక్ కోటింగ్ కాగితం తెచ్చాడు. 9హెచ్ గట్టిదనం, వజ్రానికి తమ్ముడట. తీరా చూస్తే ఆ 9హెచ్ పెన్సిళ్ల లెక్క. అంత గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడదని అర్థం. మా వీధిలో కార్ల మీద గీసేది పక్కింటి బుడతడొక్కడే. వాడు పెన్సిల్ వాడడు, మేకు వాడతాడు.

చివరికి ఆటోనగర్ వెళ్లాను. అక్కడి పెయింటరు చుక్క మీద గోటితో ఒకసారి రాసి, "హైదరాబాద్ హైవేలో పట్టా కప్పని కంకర టిప్పర్ వెనకాల పోయారా?" అన్నాడు. ఆ రోడ్డు మీద టిప్పర్ వెనకాల పోకుండా హైదరాబాద్ చేరినవాడు ఎవడు? స్పీడు రెట్టింపైతే రాయి దెబ్బ నాలుగింతలట.

"గ్రే కనబడుతోంది కదా, అది కింది కోటు. రేకు బయటపడలేదు, తుప్పు భయం లేదు సార్" అన్నాడు.

ఫ్యాక్టరీలో బాడీని మొత్తంగా తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి తుప్పు పట్టని మొదటి కోటు పట్టిస్తారు. 170 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన మెరుపు కోసం క్లియర్ కోటు. ఇంత తతంగం జరిగినా అన్నీ కలిపి మందం 100 నుంచి 130 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మొత్తం వ్యవహారం రెండు వెంట్రుకలకి లోపే! అందులోనూ అసలు రంగు వాటా 15 మైక్రాన్లు అటూ ఇటూ. ఎరుపా, తెలుపా అని సంక్రాంతి మూడు రోజులూ మా ఇంట్లో జరిగిన యుద్ధం, మా అత్తగారు అలిగి గారెలు ముట్టకపోవడం, అన్నీ ఆ 15 మైక్రాన్ల కోసం. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ మోడల్ టి కారు నలుపులోనే వచ్చేది. అమెరికాలో ఎన్ని కాపురాలు చల్లగా నిలిచాయో!

పెయింటరు డోరు పక్కనున్న స్టిక్కరు మీద రంగు కోడు చూసి, బుడ్డి సీసాలో రంగు కలిపి తెచ్చాడు. సీసా మూతకున్న బ్రష్షు లావుగా ఉందని పక్కన పడేసి, అగరబత్తి పుల్ల కొసని బ్లేడుతో చెక్కాడు. ఊపిరి బిగబట్టి ఒక్క బొట్టు పెట్టాడు. టీ తాగి వచ్చి, ఆరిందని చూసుకుని మరో బొట్టు. చుక్క ఎక్కడుందో నాకే దొరకలేదు.

డబ్బులిచ్చి తాళం చేతిలోకి తీసుకున్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి, "బంపర్ చూశారా సార్?" అన్నాడు.

"ఏమైంది దానికి?"

"షేడు వేరు. అది ప్లాస్టిక్ కదా, బాడీ వేడికి తట్టుకోదు. విడిగా వేసి తెచ్చి బిగిస్తారు."

చూశాను. బాడీ మిరపపండు ఎరుపు, బంపర్ నారింజకి దగ్గర. ఇన్నాళ్లూ కనబడనిది ఇప్పుడు అదొక్కటే కనబడుతోంది. గొంతు పెగల్చుకుని మందేమిటన్నాను.

"ఎండలో పెట్టకండి సార్" అని, వెనకున్న లారీ వైపు వెళ్లిపోయాడు.