రచ్చబండ మీద నలుగురు

తెలుగు సినిమా పల్లెలోకి దిగిందంటే ఒక చెట్టు, చెట్టు కింద ఒక బండ, బండ మీద పనీపాటా లేని నలుగురు ఉండి తీరాలి. దారిన పోయే ప్రతివాడి పుట్టుపూర్వోత్తరాలూ వాళ్లే చెప్పాలి. హాల్లో కూర్చున్నవాళ్లు ‘పల్లెటూరంటే ఇదీ’ అని మురిసిపోవాలి. 1986లో వంశీ తీసిన ‘లేడీస్ టైలర్’లో సుందరం మంచి పనిమంతుడైన దర్జీ, అంతకు మించిన బద్ధకస్తుడు. కుట్టు తెలిసినవాడు కుట్టకపోవడంలోనే అక్కడ నవ్వుంది. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఆ పనితనాన్ని గాలికొదిలి, బద్ధకాన్ని మాత్రం ఊరందరికీ పప్పుబెల్లాల్లా పంచిపెట్టారు.

ఆ నలుగురినీ కాసేపు లేపి, కింద బండ సంగతి చూద్దాం. నంద్యాల జిల్లా బేతంచెర్ల అంటే సీమలో ముందు గుర్తొచ్చేది నాపరాయి. భూమిలో పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయిని గనిలో కోసి, పలకలుగా లేపి, ఫ్యాక్టరీకి చేర్చి, అంచులు సరిచేసి, నీళ్లు పోస్తూ పాలిష్ పడతారు. ఆ నీళ్లు తెల్లటి బురదవుతాయి. బురద ఎండి దుమ్మై కూలీల కనురెప్పల మీద కూర్చుంటుంది. పని జరిగేచోట తీరిగ్గా కూర్చునే భాగ్యం ఆ దుమ్ముకే! ఇంత చాకిరీ అయ్యాక అరుగెక్కిన బండ మీద మన హాస్యనటుడు కాలు మీద కాలేసుకుని, పల్లెలో పనెవరు చేస్తారంటాడు.

హాస్యానికి ఇంత ఉడుకుమోతుతనం ఎందుకు, ఊళ్లో ఊరికే కూర్చునేవాళ్లు లేరా అనొచ్చు. ఉన్నారు. వాన పడకపోతే చేను రమ్మనదు, కరెంటు పోతే మిషను తిరగదు. అదంతా సోమరితనమే అయితే, 2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలుపెట్టి, ఇంటికి ఏడాదికి 100 రోజుల పని చూపిస్తామని సర్కారు ఎందుకన్నట్టు? పని చేయనివాళ్ల కోసం పనికి హామీ ఇచ్చేంత అమాయకత్వం ఏ సర్కారుకూ ఉండదు. ఇక కబుర్లంటారా, ఏ గనిలో కూలెంత, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఎవరి పిల్లకు ఏ సంబంధం వచ్చింది అన్నవీ వాటిలోనే ఉంటాయి. చాడీలూ ఉంటాయి, కాదనం. అవే మాటలు పట్నంలో ఏసీ గదిలో మాట్లాడితే మీటింగ్, పైగా టీ బిస్కెట్లు!

దర్శకులకు ఒక్క మనవి. నలుగురినీ కూర్చోబెట్టండి, కడుపుబ్బ నవ్వించండి. ఒకడి కనురెప్పల మీద మాత్రం కాస్త తెల్లదుమ్ము ఉండనివ్వండి. మేకప్ ఖర్చూ కలిసొస్తుంది.