మిల్లు విజిట్ పద్యానికి టీకా తాత్పర్యం

పేప రెచట పుట్టు? బేలుకెక్కని నూగు,
గింజ నంటుకొన్న కించిదంశ;
ఆదవాని కేగి యది చూడవలె మున్ను;
చున్ని విడిచి రండు, షూసుతోడ!

అవతారిక: డిజైన్ విద్యార్థులు ‘పేపర్ మిల్లు చూపండి’ అని గోలపెట్టగా, ఒక మాస్టారు నోటీసు బోర్డు నిమిత్తము చెప్పిన ఆటవెలది యిది.

టీక: పేపరు = కాగితము; బేలుకు ఎక్కని = నూటడెబ్బది కిలోల బేలులో చోటు దొరకని; నూగు = పొట్టి పీచు; ఆదవాని = ఆదోని; మున్ను = ముందుగా. తక్కినది సులభము.

ఆక్షేపణ: కాగితపు మిల్లు కావలెనన్న రాజమండ్రికో కాగజ్‌నగర్‌కో పోవలె గాని, ప్రత్తి మార్కెట్టుకు పేరుపడ్డ ఆదోనికేల?

సమాధానము: ఆ మిల్లులు నమలునది కట్టెను. మన కర్నూలు పక్కన గొందిపర్లలో రాయలసీమ పేపర్ మిల్స్ నల్లమల వెదురును నమిలెడిది, అదియు మూతపడెను. కవి వెదకునది ప్రత్తి కాగితము. ‘హండ్రెడ్ పర్సెంట్ కాటన్, మూడువందల జీఎస్ఎం’ అని ముద్ర చూచి, వాటర్ కలర్ షీటును కిమ్మనక కొనుచున్నది ఈ విద్యార్థులే గదా! పర్సులోని రూపాయి నోటు సైతము ప్రత్తి కాగితమే. చెట్టు పేరు తెలియక పండు తినువారిని చెట్టు దగ్గరకే తోలుకొని పోవుట గురుధర్మము.

విశేషము: జిన్నింగ్ మిల్లులో తోలు చుట్టిన రోలరు దూదిని లాగుకొనును, కత్తి గింజను అడ్డగించును. దూది బేలుకు పోవును. గింజ మాత్రము నున్నగా రాదు, ఒంటినిండ నూగుతోనే నూనె మిల్లుకు చేరును. అక్కడ రంపపు పళ్లతో ఆ నూగును గీకుదురు. అదే లింటరు. నూలు వడుకుటకు పొడవు చాలదు, కాగితపు గుజ్జుకు చాలును. కవి దీనిని ‘కించిదంశ’ అని సంస్కృతములో గౌరవించెను. మిల్లువారు లింటరనియే తూచి అమ్ముదురు.

‘చున్ని’ అనునది ఉపలక్షణము. స్కార్ఫు, ఇయర్‌ఫోను తీగ, ఐడీ కార్డు తాడు కూడ ఇందు చేరును. ప్రత్తి పీచుకును చున్నీ అంచుకును రోలరు భేదము పాటింపదు. అయితే ఐడీ కార్డు మెడలో లేనిదే కాలేజీ గేటు దాటనీయరు, ఉన్నచో యంత్రము దరికి రానీయరు. జేబులో పెట్టుకొనుట శిష్టాచారము. షూసు ఎందుకన, నేల మీది గింజలపై చెప్పు జారును. కవి మాస్కును విడిచెను. యతి కుదరలేదనుట సాకు కాదు. దూది ధూళి ఛందస్సు చూడదు. ఇది దోషమే.

తాత్పర్యము: బస్సు ఏడు గంటలకు. ఆలస్యముగా వచ్చువారి కొరకు ఆగదు.

మరి ఆదోని నుండి, పద్యమున లేని ఎమ్మిగనూరుకు బస్సేల పోవును? ‘మున్ను’ అన్నప్పుడే ‘పిదప’ ఒకటి ఉన్నదని అర్థాపత్తి. మాచాని సోమప్ప 1938లో నేతగాండ్ర సహకార సంఘము నెలకొల్పిన ఊరది. ఆ సేవకే ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చెను. ఆదోనిలో ప్రత్తి కాగితమగు దారి చూచినవారు, మగ్గము దగ్గర కాగితము ప్రత్తిని ఏలుట చూడవలెనని వ్యాఖ్యాత మతము. నేయవలసిన పువ్వును మొదట గ్రాఫ్ కాగితముపై గళ్లలో నింపుదురు. నిలువు వరుస పడుగు, అడ్డ వరుస పేక. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రములు పొడిచి, దారముతో గొలుసుగా కుట్టి, మగ్గము మీది జకార్డు యంత్రమునకు ఎక్కింతురు. రంధ్రమున్నచోట సూది చొచ్చును, పడుగు పోగు లేచును. లేనిచోట పోగు కదలదు. ఒక్క రంధ్రము తప్పిన, ఆ అట్ట తిరిగి వచ్చినప్పుడెల్ల పువ్వులో అదే చోట అదే తప్పు పడును. కంప్యూటరులో డిజైన్ గీచువారు ఇచట అన్‌డూ మీటకై వెదకరాదు. గొలుసు విప్పి, కొత్త అట్ట పొడిచి, మరల కుట్టవలసినదే.