తప్పిన కోలన్: టీకా తాత్పర్య విశేషములు

మూలం

డాక్స్: నోట్ పక్కన తప్పిన కోలన్ చేర్చడమైనది.

అవతారిక

ఒకానొక పైథాన్ లైబ్రరీ వాడుక గ్రంథానికి ఎవరో మహానుభావుడు పంపిన సవరణకు తలకట్టుగా పెట్టిన వాక్యమిది. కవిత్రయంలో ఎవరిదీ కాదు. గిట్ లెక్క ప్రకారం ఒక పంక్తి తీసివేత, ఒక పంక్తి చేర్పు. నిజానికి చేరినది ఒక విరామ చిహ్నం మాత్రమే. ఇంత స్వల్పానికి వ్యాఖ్యానమెందుకని ఎవరైనా అడగవచ్చు. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి అక్కర్లేనిది చెప్పనని కట్టుబడి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పైగా కాళిదాసు అర్థం కాకపోతే పోయేది రసం. ఇక్కడ పోయేది డేటాబేస్.

ప్రతిపదార్థం

డాక్స్ = సాఫ్ట్‌వేరుతో పాటు పుట్టి, దానికన్నా ముందే ముసలిదయ్యెడు గ్రంథభాగమునందు; నోట్ = పాఠకుడా, కాస్త ఆగుము అని చెప్పెడు పెట్టె యొక్క; పక్కన = కుడివైపున; తప్పిన = రాసినవాని వేలికింద నుండి జారిపోయిన; కోలన్ = ఒకదానిపై ఒకటి నిలిచిన చుక్కల జంట; చేర్చడమైనది = నేనే చేర్చితినని చెప్పుకొనుటకు మొహమాటపడిన కర్త చేత చేర్చబడినది.

తాత్పర్యం

సవరణకు ముందు గ్రంథంలో ఇలా ఉంది:

.. నోట్:
   మైగ్రేషన్ నడిపే ముందు బ్యాకప్ తీసుకోండి.

ఎంత తేరిపార చూసినా ఇందులో లోపం కనిపించదు. అయితే ఈ గ్రంథం రాసింది రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే మార్కప్‌లో. అందులో రెండు చుక్కలు, ఒక ఖాళీ, పేరు, ఆపైన రెండు కోలన్లు ఉంటేనే అది ఆదేశం. అప్పుడే పేజీలో రంగు పెట్టె వచ్చి అందులో హెచ్చరిక కూర్చుంటుంది. కోలన్ ఒక్కటే ఉంటే అది ఆదేశం కాదు, రాసినవాడు తనకోసం రాసుకున్న కామెంట్. కామెంట్ పాఠకుడి కంట పడరాదని శాస్త్రం. దాని కింద జరిపి రాసిందంతా దాని పరివారమే కనుక బ్యాకప్ మాట కూడా దానితో పాటే మాయం. పాఠకుడికి పెట్టె కనిపించదు, పెట్టె ఉండాల్సిన చోట ఖాళీ కనిపించదు, ఏదో జరిగిందన్న అనుమానం కూడా రాదు. మైగ్రేషన్ నడిపాక మాత్రం అన్నీ కనిపిస్తాయి.

దోష ప్రకరణం

మార్కప్ దోషాలు ద్వివిధములు: అరిచేవి, నోరు మెదపనివి.

అరిచేవాటితో పేచీ లేదు. శీర్షిక కింద గీసిన గీత శీర్షికకన్నా పొట్టిదైతే ఈ మార్కప్‌ను పేజీలుగా మార్చే స్ఫింక్స్ వెంటనే ఫిర్యాదు చేస్తుంది. జంట బ్యాక్‌టిక్ తెరిచి మూయడం మరిచిపోతే పంక్తి సంఖ్యతో సహా చెబుతుంది. ఇంకా గట్టి క్రమశిక్షణ కావాలనుకునే ప్రాజెక్టులు హెచ్చరికలన్నిటినీ తప్పులుగా లెక్కకట్టమని బిల్డ్‌కు చెప్పి ఉంచుతాయి. ఒక్క హెచ్చరిక వచ్చినా బిల్డ్ విఫలమవుతుంది.

మన కోలన్ రెండో జాతికి చెందినది. బిల్డ్ పచ్చగా ఉంటుంది, పేజీ తప్పుగా ఉంటుంది. ఈ జాతిలో దానికి ఘనమైన బంధువర్గం ఉంది. ఒకటి జంట హైఫన్. ముందు రెండు హైఫన్లు పెట్టి కమాండ్‌కు ఇచ్చే ఆప్షన్‌ను బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టకుండా మామూలు వాక్యంలో రాస్తే, అచ్చుపని అందంగా ఉండాలన్న తపనతో స్ఫింక్స్ ఆ రెండు హైఫన్లనూ కలిపి ఒక నాజూకైన అడ్డగీతగా మారుస్తుంది. పాఠకుడు దాన్ని కాపీ చేసి టెర్మినల్‌లో పెడతాడు. అలాంటి ఆప్షన్ లేదు పొమ్మంటుంది ప్రోగ్రాం. పేజీలో ఉన్నది ఉన్నట్టే పెట్టాను కదా అని పాఠకుడు తన ఇన్‌స్టలేషన్‌ను తిట్టుకుంటాడు, తీసేస్తాడు, మళ్లీ వేస్తాడు. పాపం, అడ్డగీత మీదికి అనుమానం పోదు.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో జంట బ్యాక్‌టిక్ ఉండాల్సిన చోట ఒంటి బ్యాక్‌టిక్ కనిపిస్తుంది. ఇది లేఖక ప్రమాదం కాదు, సంప్రదాయ భేదం. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ డేవిడ్ గుడ్జర్ సంప్రదాయం. పైథాన్ డాక్‌స్ట్రింగ్‌లకు దీన్ని వాడదామని ఆయన 2002లో ప్రతిపాదించాడు. 2007 దాకా లేటెక్‌లో ఉన్న పైథాన్ అధికారిక గ్రంథాలను గియోర్గ్ బ్రాండ్ల్ దీనిలోకి మార్చి, అందుకోసం తయారు చేసిన పనిముట్టును మరుసటి ఏడు స్ఫింక్స్ పేరుతో లోకానికిచ్చాడు. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్ వేరే శాఖ. ఆ శాఖలో కోడ్‌కు ఒంటి బ్యాక్‌టిక్ చాలు. ఈ శాఖలో ఒంటి బ్యాక్‌టిక్ పెడితే అది పుస్తకం పేరు కాబోలనుకుని అక్షరాలను వాలుగా వేసి ఊరుకుంటుంది. ఇవాళ ఎక్కువమంది చేతివేళ్లకు పట్టుబడింది మార్క్‌డౌన్. అందుకే ఫంక్షన్ పేర్లు నవలల పేర్లలా వాలిపోయిన పేజీలు కొల్లలు.

సంధి ప్రకరణం

తెలుగులో డాక్స్ రాసేవారికి మరొక గండం ఉంది. ఈ మార్కప్‌లో మూసే గుర్తు తర్వాత ఖాళీ గానీ విరామ చిహ్నం గానీ రావాలి. అక్షరం తగిలిందా, మూసినట్టు ఒప్పుకోదు. మన విభక్తి ప్రత్యయాలేమో పదాన్ని అంటిపెట్టుకునే బతుకుతాయి. ``ప్రింట్``తో అని సహజంగా రాస్తే, తెరిచిన బ్యాక్‌టిక్‌లు ఎక్కడా మూతపడలేదని గోల మొదలు. ఇంగ్లీషు బహువచనానికీ ఇదే గతి పడుతుంది గానీ వాళ్లకది అప్పుడప్పుడు, మనకు ప్రతి వాక్యంలో. విరుగుడు: ``ప్రింట్``\ తో. అంటే నడుమ ఒక వెనకవాలు గీత, ఒక ఖాళీ. అచ్చులో ఆ రెండూ కనిపించవు, ప్రత్యయం వచ్చి పదానికి అతుక్కుంటుంది. కొందరు హైఫన్ పెట్టి గట్టెక్కుతారు. బిల్డ్ ఒప్పుకుంటుంది, తెలుగు చెవి ఒప్పుకోదు.

పూర్వపక్షం

ఇక్కడ ఆక్షేపకుడు లేచి ఇలా అంటాడు: ఒక్క కోలన్‌కు ఒక పీఆరా (పుల్ రిక్వెస్టా)? ఇవన్నీ పేరు కోసం, ఉచిత టీషర్టు కోసం చేసే పనులు కావా?

ఆక్షేపణకు ఆధారం లేకపోలేదు. 2020 అక్టోబరులో పీఆర్‌లు పంపినవారికి హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమం ఇచ్చిన టీషర్టుకు ఆశపడి జనం రీడ్‌మీ ఫైళ్లలో అద్భుతమైన ప్రాజెక్టు వంటి విశేషణాలు చేర్చి పీఆర్‌ల వరద పారించారు. నిర్వాహకుల ప్రాణాలు కడగట్టాయి. చివరకు తాము పాల్గొంటామని ముందుగా చెప్పిన ప్రాజెక్టుల పీఆర్‌లే లెక్కలోకి వస్తాయని నిబంధన మార్చాల్సి వచ్చింది.

సిద్ధాంతం

విశేషణం చేర్చినవాడు పేజీ చదవలేదు. కోలన్ చేర్చినవాడు చదివాడు, అదీ రెండుసార్లు: మూలంలో ఒకసారి, బ్రౌజర్‌లో ఒకసారి. రెండింటినీ పక్కపక్కన పెట్టనిదే ఈ దోషం దొరకదు. తాళపత్రాలను పోల్చి చూసే పండితుడి చూపు ఇది. ఆదేశంలో కోలన్ తప్పినట్టుందని పసిగట్టే స్ఫింక్స్-లింట్ వంటి పనిముట్లు ఇప్పుడున్నాయి, నిజమే. అవి లేని ప్రాజెక్టులూ ఉన్నాయి. అందుచేత ఈ పీఆర్ మర్యాదగా మెర్జ్ చేయదగినదే.

చదువరులకు విన్నపం

ఇటువంటిది మీ కంట పడితే వదిలేయకండి. మార్చాక బిల్డ్ పచ్చగా ఉందని తృప్తిపడక పేజీ తెరిచి పెట్టె నిజంగా కనిపిస్తోందో లేదో చూడండి. అదే ఫైల్‌లో ఒంటి కోలన్లు ఇంకా ఉన్నాయేమో వెతకండి, సాధారణంగా ఒకటుంటే మూడుంటాయి. పక్క పేరా శైలి నచ్చలేదని దాన్ని తిరగరాసి ఇదే పీఆర్‌లో కలపకండి. కోలన్ అయిదు నిమిషాల్లో మెర్జ్ అవుతుంది. పేరా మీద వాదన మాత్రం వచ్చే రిలీజ్ దాకా సాగుతుంది, అందాకా కోలనూ అక్కడే ఆగిపోతుంది.