ఎంత ఓర్పో మా చర్చికి!

క్రైస్తవం సహనం గల మతమా, కాదా? మతం మారినవాడికి ఎస్సీ హోదా లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న మళ్ళీ ఊపందుకుంది. టీవీ పెడితే ఒకాయన గోవాలో 1560 నుంచి 1812 దాకా నడిచిన ఇంక్విజిషన్ చిట్టా విప్పుతాడు. పక్కాయన ఇంకా దగ్గరికొచ్చి, 1543లో పోర్చుగీసు గవర్నరు మార్తిం అఫోన్సో డి సౌజా ‘త్రెమెలే’ గుడిని దోచుకుందామని ఓడలెక్కాడనీ, ఆ త్రెమెలే మన తిరుమలేనని చాలామంది చరిత్రకారుల మాటనీ, గాలి ఎదురు తిరగబట్టి బతికిపోయామనీ చెబుతాడు. ఆ గాలి ఎవరు పంపారో వేరే చెప్పక్కర్లేదు. అవతలి కుర్చీలో పాస్టరుగారు చిరునవ్వుతో రెండో చెంప చూపిస్తుంటారు.

ఈ ముగ్గురికీ అసలు సంగతి తెలియదు. నేను తడలో లూథరన్ ఇంట పుట్టినవాణ్ణి, నా సాక్ష్యం వినండి. క్రైస్తవమంత ఓర్పు గల మతం భూమ్మీద లేదు. విగ్రహాన్ని ఓర్చుకోలేకపోయి ఉండొచ్చు, బొట్టుని ఓర్చుకోలేకపోయి ఉండొచ్చు. కులాన్ని మాత్రం నాలుగు వందల ఏళ్ళుగా కడుపులో పెట్టుకుని చూసుకుంటోంది.

అది నోటిమాటగా జరిగిన పని కూడా కాదు. మదురైలో రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ పాదిరి కాషాయం కట్టి, తక్కువ కులాల గాలి సోకకుండా మసలుతూ బ్రాహ్మణులకు సువార్త చెప్పాడు. తోటి పాదిరులే ఫిర్యాదు చేశారు. తగువు రోము దాకా పోయింది. 1623లో పదిహేనో గ్రెగొరీ పోపు తీర్పిచ్చాడు: మతం మారినా జంధ్యం ఉంచుకోవచ్చు, పిలక ఉంచుకోవచ్చు, గంధం పూసుకోవచ్చు. తర్వాత్తర్వాత పెద్ద కులాలకు సన్యాసి పాదిరులు, చిన్న కులాలకు పండార సాములు అని పాదిరుల్లోనే రెండు రకాలు చేశారు. పరలోకానికి దారి ఒక్కటే, బండ్లు మాత్రం వేరువేరు.

ఇక వడక్కన్‌కులం. తిరునెల్వేలి వైపు ఊరు. తడ దాటితే ఆరంబాకం, అక్కణ్ణుంచి తమిళ దేశం, వాళ్ళ గొడవ మనకెందుకంటారా? మా చెక్‌పోస్టులో లారీల్ని ఆపుతారు గానీ, కులాన్ని ఆపి కాగితాలడిగిన పోలీసు నాకింతవరకు కనిపించలేదు. కాబట్టి వినండి. ఆ ఊళ్ళో 1872 నాటికి ఒక చర్చి లేచింది. పైనుంచి చూస్తే అది ప్యాంటు. నిజంగానే ప్యాంటు! నడుము దగ్గర బలిపీఠం, అక్కణ్ణుంచి రెండు పొడుగాటి కాళ్ళు. ఒక కాల్లో పిళ్ళైలూ వాళ్ళతో కూర్చోగలిగినవాళ్ళూ, రెండో కాల్లో నాడార్లు. ఈ కాల్లో మోకరించినవాడికి ఆ కాల్లో మోకరించినవాడు కనపడడు.

ఆ ప్లాను గీసినవాడి తెలివికి నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను. వేరే గుడి కట్టిస్తే ఖర్చు, వేరే పూజ చేయిస్తే శ్రమ. ఇదైతే పాదిరి ఒక్కడే, పూజ ఒక్కటే, రొట్టె ఒక్కటే. పాదిరి నిలబడేది సరిగ్గా ఎక్కడో ప్యాంటు తొడుక్కునే వాళ్ళందరికీ తెలుసు. అక్కడ నిలబడి, మనమంతా ఒకే క్రీస్తు శరీరంలో అవయవాలం అని ఆయన చెబితే రెండు కాళ్ళూ ఆమేన్ అనేవి.

వానొస్తే ఏ కాలు ముందు కారేదో, గాడ్పు ఏ కాల్లోకి ఎక్కువ కొట్టేదో, పెళ్ళికూతురు ఏ కాల్లోంచి నడిచొచ్చేదో నాకు తెలుసుకోవాలని ఉంది. అంత్యదినాన బూర ఊదితే రెండు కాళ్ళూ ఒకేసారి లేవాలా, ముందు కుడికాలా అన్నది కూడా.

1910లో ఆ చర్చి నడిపే జెస్యూట్లకే సిగ్గేసి రెండు కాళ్ళ మధ్య అడ్డుగోడ తీసేశారు. ఊరుకుంటారా? పిళ్ళైలు కోర్టుకెక్కారు, గోడ మా ఆచారం, మా హక్కు అని. చివరికి మద్రాసు హైకోర్టు ఆ హక్కు చెల్లదని కొట్టేసింది. ఇప్పుడు మన హైకోర్టు ఏమంది? క్రైస్తవంలో కులమే లేదు, కాబట్టి మతం మారినవాడికి ఎస్సీ హోదా లేదు, అట్రాసిటీ చట్టమూ లేదు. ఆనాటి జడ్జీలు చర్చిలో కులాన్ని కళ్ళారా చూసి తప్పన్నారు. ఈనాడు చూడకుండానే లేదనేశారు.

మా వైపు గోడ ఖర్చు కూడా దండగే. 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు నాయుడుపేటలో దిగారు, ఒంగోలులో అమెరికా బాప్టిస్టులున్నారు. 1878 జులై 3న వాళ్ళ పాదిరి క్లౌ దొర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు, ఎక్కువమంది మాదిగలే. ఇప్పుడు చాలా ఊళ్ళలో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి. గోడ బదులు మధ్యలో రోడ్డుంది. ఫిరంగిపురం వైపు రెడ్డి క్రైస్తవుల సంగతి సరేసరి. పెళ్ళి ప్రకటనలు చూడండి: ఆర్.సి. రెడ్డి వధువు కావలెను, క్రిస్టియన్ కమ్మ వరుడు కావలెను. తిరిగి జన్మించినవారు అని కూడా రాస్తారు. తిరిగి జన్మించినా సరిగ్గా అదే కులంలో జన్మించడం మా విశ్వాసుల ప్రత్యేకత.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ అంటే హిందువే అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్ని బీసీ-సీ అని ఒక శాతంలో కూర్చోబెట్టారు. అందుకే మా పిల్లలకు రెండు పేర్లు, బడి రిజిస్టర్లో సుబ్బయ్య, ఆదివారం యేసురత్నం. ఆకలికి ఒక పేరు, ఆత్మకు ఒక పేరు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి దొంగ అంటున్నారు, మోసగాడంటున్నారు. ఎవరు పెట్టించారయ్యా ఈ రెండు పేర్లు? చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల్ని నరికినవాళ్ళు ఎవర్నైనా బాప్తిస్మ సర్టిఫికెట్ అడిగారా? తిరుచ్చి మేలపుదూర్ శ్మశానంలో చచ్చినవాళ్ళ మధ్య కూడా గోడ కట్టారే, ఆ గోడకి ఇటువైపు పడుకున్నవాడికి కులం లేదని ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

కోర్టు సంగతి వదిలేయండి, నా అసలు కోపం మా పెద్దల మీద. కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానమని పుస్తకం వేసి, చర్చిలో వివక్ష ఉందని ఒప్పుకుంది. పుస్తకం బీరువాలో భద్రంగా ఉంది. 2022లో పూల ఆంథోనీ గారు తొలి దళిత కార్డినల్ అయితే పండగ చేసుకున్నాం. తొలి అనిపించుకోడానికి ఇన్ని శతాబ్దాలు ఎందుకు పట్టిందని ఒక్కరూ అడగలేదు. అర్జీ రాసేటప్పుడు మాలో కులం ఉంది, రిజర్వేషన్ ఇవ్వండి అంటాం. ప్రసంగంలో క్రీస్తునందు కులం లేదంటాం. రెండూ ఒకే నోటితో, ఒకే వారంలో.

2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది, మతం మారినా కులం ఉంటుందో పోతుందో తేల్చమని. 2023 మార్చిలో మన అసెంబ్లీ ఉంటుందని తీర్మానం చేసి పంపింది. నాకు తెలిసిన పాస్టరుగారొకాయన ఎస్సీ హోదా కోసం ప్రతి ధర్నాలోనూ మైకు పట్టుకుంటాడు. కూతురు తన సంఘంలోనే వాద్యం వాయించే మాదిగ కుర్రాణ్ణి చేసుకుంటానంటే మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థన చేసి, ఇది దేవుని చిత్తం కాదని చెప్పాడు. కమిషన్ వారు మా తడ వైపు వస్తే ముందు ఆయన్ని పిలిపించి వాంగ్మూలం రాసుకోవాలి. కాకపోతే ధర్నా వేషంలో కాదు, పెళ్ళిచూపుల రోజు పిలిపించాలి.